నర్స్ అనస్తటిస్ట్: ఒక వృత్తి పుట్టుపూర్వోత్తరాలు

అమెరికాలో నర్సులు మత్తు ఇవ్వడం ఆపరేషన్ గదిలో జరుగుతున్న మరణాల వల్ల మొదలైంది. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో విలియం మోర్టన్ ఈథర్ అనే మత్తుమందు ప్రభావాన్ని అందరి ముందూ చూపాక నొప్పి తెలియని శస్త్రచికిత్స సాధ్యమైంది. కానీ మత్తు ఇచ్చే పని తరచూ వైద్య విద్యార్థులకో, కొత్తగా చేరిన డాక్టర్లకో దక్కేది. సర్జన్ పనితనం నేర్చుకోవాలన్న ఆత్రంలో వాళ్ల చూపు రోగి ఊపిరి మీద నిలిచేది కాదు. మోతాదు మించి ప్రాణాలు పోయేవి. రోగిని తప్ప మరి దేన్నీ చూడని మనిషి కోసం సర్జన్లు వెతికారు. ఆ వెతుకులాట నర్సుల దగ్గర ఆగింది.

1877లో పెన్సిల్వేనియాలోని ఈరీ పట్టణంలో, సెయింట్ విన్సెంట్ ఆస్పత్రిలో సిస్టర్ మేరీ బెర్నార్డ్ ఈ బాధ్యత చేపట్టారు. తర్వాత మినెసోటాలోని రోచెస్టర్‌లో, సర్జన్లైన మేయో సోదరుల దగ్గర ఆలిస్ మగా దీనికి గొప్ప నైపుణ్యం అద్దారు. ముసుగు మీద ఈథర్‌ను చుక్కచుక్కగా వేస్తూ, రోగికి మాటలతో ధైర్యం చెబుతూ ఆమె మత్తు ఇచ్చేవారు. 14,000కు పైగా ఆపరేషన్లలో మత్తు కారణంగా ఒక్కరూ చనిపోలేదని 1906లో ఆమె ప్రకటించారు. క్లీవ్‌లాండ్‌లోని లేక్‌సైడ్ ఆస్పత్రిలో సర్జన్ జార్జ్ క్రైల్‌తో పనిచేసిన అగాథా హాడ్జిన్స్ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాన్స్ వెళ్లి సేవ చేశారు. 1915లో లేక్‌సైడ్‌లో ఈ విద్యకు బడి వెలిసింది.

పేరు పెరిగేకొద్దీ అభ్యంతరాలూ వచ్చాయి. మత్తు ఇవ్వడం వైద్యం చేయడమేననీ, నర్సులకు ఆ హక్కు లేదనీ కొందరు డాక్టర్లు కోర్టుకెక్కారు. వైద్యుని పర్యవేక్షణలో మత్తు ఇవ్వడం చట్టవిరుద్ధం కాదని 1917లో కెంటకీ, 1936లో కాలిఫోర్నియా న్యాయస్థానాలు తేల్చాయి. కోర్టులో నెగ్గితే చాలదు, అర్హతకు కొలమానం కావాలని నర్సులు గ్రహించారు. 1931లో హాడ్జిన్స్ నాయకత్వంలో సొంత సంఘం పెట్టుకున్నారు. 1945లో తొలి అర్హత పరీక్ష జరిగింది. 1956లో సీఆర్ఎన్ఏ (సర్టిఫైడ్ రిజిస్టర్డ్ నర్స్ అనస్తటిస్ట్) అనే హోదా ఏర్పడింది.

నేటి చదువుల మెట్లు ఆ పట్టుదల ఫలమే. నర్సింగ్‌లో లేదా తగిన మరో విషయంలో డిగ్రీ, రిజిస్టర్డ్ నర్సుగా లైసెన్సు, క్రిటికల్ కేర్‌లో కనీసం ఏడాది అనుభవం ఉంటేనే ఈ కోర్సులో ప్రవేశానికి అర్హత. 2022 నుంచి కొత్తగా చేరేవారందరికీ కనీసం మూడేళ్ల డాక్టరేట్ తప్పనిసరి అయింది. ఆ చదువు పూర్తయ్యాక జాతీయ పరీక్ష నెగ్గాలి. భారతదేశంలో బీఎస్సీ నర్సింగ్ చదివి అమెరికా వెళ్లినవారు ముందుగా అక్కడి నర్సింగ్ లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ రాసి లైసెన్సు పొందాలి. ఆ తర్వాతి మెట్లు వారికీ ఇవే.