పద్దుకెక్కని కూలి

కరెంటు చార్జీల ఉత్తర్వులను చరిత్ర కోసం చదివేవారు అరుదు. నేను చదువుతాను. అభ్యంతరం చెప్పినవారి మాట, దానికి విద్యుత్ సంస్థ జవాబు, ఆపైన కమిషన్ అభిప్రాయం అందులో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. నాకవి పాత కైఫీయతుల వలె తోస్తాయి.

1998 నాటి విద్యుత్ సంస్కరణల చట్టం ప్రకారం, 1999 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీలింది. ధర నిర్ణయించే అధికారం కొత్తగా ఏర్పడిన నియంత్రణ మండలికి దక్కింది. వెనుక ప్రపంచబ్యాంకు ఋణమున్నదన్నది దాపరికమేమీ కాదు. మండలి 2000 మే నెలలో ఇచ్చిన తొలి ఉత్తర్వుతో చార్జీలు పెరిగాయి. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో నిరసనకారులపై పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు మరణించారు.

ఇది అందరికీ తెలిసిన కథే. తక్కువగా తలచుకునేది బహిరంగ విచారణను. మీటరు లేని పంపుసెట్టు ఎంత వాడుకుంటుందన్నది అంచనాయే గదా! ఆ అంచనాను తగ్గించేసరికి తీగల నష్టం, దొంగతనం అంకెలు పెరిగాయి. అంటే అంతవరకు వాటిలో కొంత భాగం రైతు ఖాతాలో దాగి ఉన్నదన్నమాట. 2004 మేలో ఉచిత విద్యుత్తుపై సంతకం పడింది, నిజమే. కానీ నా మటుకు, రైతుకు అంతకుముందే దక్కిన న్యాయం ఈ లెక్క సరిదిద్దడం.

బొగ్గు నుండి ఎండకు మళ్ళుతున్న ఈ కాలంలో అదే పద్ధతి ఎంతవరకు సరిపోతుంది? కర్నూలు జిల్లా గని, శకునాల ప్రాంతంలో దాదాపు 5,900 ఎకరాలలో 1,000 మెగావాట్ల సౌర పార్కు 2017లో పూర్తయింది. అంతకుముందు, 2015 నవంబరులో, అక్కడి కరెంటుకు యూనిట్ 4.63 రూపాయలు పలికితే అంత చవకా అని దేశం ఆశ్చర్యపోయింది. నాలుగేళ్ళకే అటువంటి పాత ధరలు ఎక్కువనిపించాయి. సౌర, పవన ఒప్పందాలను తిరగదోడాలని 2019లో రాష్ట్ర ప్రభుత్వం పూనుకున్నది. ఒప్పందపు ధరే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు తీర్పు చెప్పింది.

ధర మీది తగవుకు కమిషన్ ఉన్నది, కోర్టు ఉన్నది. భూమి పట్టా ఉన్నవానికి పరిహారపు మార్గమున్నది. ఆ నేలలో కూలి చేసుకున్నవాడు, మేకలు తోలుకున్నవాడు ఏ విచారణలో నిలబడాలి? చట్టం కమిషన్‌కు అప్పగించినది యూనిట్ ధరను. అది పుట్టిన నేలను కాదు. పత్రికలో విచారణ ప్రకటన చూసి ఆ కూలి అర్జీ పెట్టుకోవచ్చు. అయితే అతని నష్టం వ్రాయడానికి ఆ పద్దులలో గడి లేదు.