సుడిగుండపు నీహారిక

సప్తర్షి మండలపు తోక చివరనున్న మరీచి నక్షత్రమునకు దాపున, నిర్మలమైన వేసవి రాత్రులలో బైనాక్యులరుతో చూచినచో ఒక మసకమరక కనబడును. 1773 అక్టోబరు 13వ తేదీన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మెస్సియే ఒక తోకచుక్కను పరిశీలించుచు దీనిని కనుగొనెను. తోకచుక్కలని భ్రమపడదగిన మరకల పట్టికలో దీనికి 51వ సంఖ్య దక్కినది. ఇది ఒంటరి కాదు, జంట యని 1781లో మెషాన్ గుర్తించెను.

జాన్ హెర్షెల్ 18 అంగుళముల దర్పణముతో చూచి, 1833లో ప్రకటించిన చిత్రములో నడుమ కాంతిబిందువును, దానిచుట్టు ఒకవైపు రెండుగా చీలిన వలయమును గీసెను. ఇదియు మన పాలపుంత వంటిదే కావచ్చునని ఆయన ఊహ. ఊహ సరియైనదే, చిత్రము మాత్రము తప్పు.

ఐర్లండులోని బర్ కోటలో రాస్ ప్రభువు రాగి, తగరముల మిశ్రమముతో 72 అంగుళముల దర్పణమును పోతపోయించెను. 54 అడుగుల గొట్టము రెండు ఎత్తైన గోడల నడుమ వ్రేలాడుటచే, ఏ నక్షత్రమునైనను సుమారు గంటకంటె నెక్కువ వెంబడింప వీలులేదు. పైగా ఐర్లండు మబ్బులు! అయినను 1845 వసంతములో, హెర్షెల్ వలయమును చూచిన చోట ఆయనకు సుడి కనబడెను. ఆ చిత్రమును జూనులో కేంబ్రిడ్జి సభలో చూపెను. శరత్తులో బంగాళాదుంప పంటకు తెగులు సోకి కరవు వచ్చెను. ప్రభువు కరవు పనులలో మునుగగా, దూరదర్శిని కొంతకాలము ఇంచుమించు మూలబడినది. సుడి కేవలము కంటి భ్రమయని సందేహించినవారును లేకపోలేదు. 1889లో ఐజాక్ రాబర్ట్స్ తీసిన ఫోటోతో ఆ సందేహము తీరెను.

అయితే ఫోటోలను కొలుచుటలోను పొరపాటు రావచ్చును. మౌంట్ విల్సన్ వేధశాలలో వాన్ మానెన్ సంవత్సరముల యెడముతో తీసిన పలకలను పోల్చి, 1916 మొదలు ఇట్టి సుడులు కొన్ని తిరుగుచున్నట్లు ప్రకటించెను. వానిలో ఇదియు నొకటి. కొద్ది యేండ్లలోనే కదలిక కనబడినచో అవి దగ్గరనే ఉండవలెను. లేనిచో అంచు నక్షత్రములు కాంతిని మించిన వేగముతో పోవలసి వచ్చును. 1920 నాటి వాదములో షేప్లీ ఈ కొలతలను నమ్మెను. హబుల్ 1923లో ఆండ్రోమెడాలో సెఫీడ్ నక్షత్రమును పట్టి, అది పాలపుంతకు వెలుపలిదని తేల్చెను. 1935లో పలకలను మరల కొలిచి, వాన్ మానెన్ చెప్పిన భ్రమణము వానిలో లేదని చూపెను. సుడి తిరుగుట నిజమే గాని, ఒక చుట్టునకు కోట్లకొలది యేండ్లు పట్టును. దాని దూరము సుమారు 3 కోట్ల కాంతి సంవత్సరములు.

రాస్ చిత్రములో సుడిచేయి యొకటి తోడుమరక వరకు సాగియున్నది. 1972లో టూమ్రే సోదరులు కంప్యూటరుతో లెక్కకట్టి, చిన్న గెలాక్సీ పెద్దదాని దాపున దాటిపోవుచు గురుత్వాకర్షణచే అట్టి వంతెనను లాగగలదని చూపిరి. నేడు పది అంగుళముల దర్పణముతో చీకటి మైదానములలో నిలుచు ఔత్సాహికులు కన్ను చికిలించి వెదకునది ఆ వంతెననే.