ఎర్రకోటలో ఎంతమంది ఉన్నారు? ఉప్పు చెప్పిన లెక్క

ముందు ఒక చిన్న లెక్క. పుట్టినరోజు ఫంక్షన్‌లో ఒక్కో పిల్లాడికి రెండు లడ్డూలు ఇచ్చారు. మొత్తం 60 లడ్డూలు అయిపోయాయి. పిల్లలెంతమంది? 30 మంది. ఒక్కరి వాటా తెలుసు, మొత్తం తెలుసు, భాగిస్తే మనుషుల సంఖ్య వచ్చేసింది. ఐదో క్లాసు లెక్కే కదా! 1947లో ఢిల్లీలో ప్రభుత్వాన్ని ఒక పెద్ద ఇరకాటం నుంచి బయటపడేసింది ఈ లెక్కే.

దేశ విభజన రోజులవి. అల్లర్లకి భయపడి మైనారిటీ కుటుంబాలు చాలా ఎర్రకోటలో తలదాచుకున్నాయి. వాళ్ళకి తిండి పెట్టే బాధ్యత ప్రభుత్వానిది. ఆ పనిని కాంట్రాక్టర్లకి అప్పజెప్పారు. లోపల ఎంతమంది ఉన్నారో ఎవరి దగ్గరా లెక్క లేదు. ఇంత బియ్యం, ఇంత పప్పు, ఇంత ఉప్పు అయ్యిందని కాంట్రాక్టర్లు బిల్లు పెడితే కట్టాల్సిందే. ఆ బిల్లులు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. పోనీ కోత పెడదామా అంటే, నిజంగానే అంతమంది ఉంటే పస్తులుండేది కాంట్రాక్టర్ కాదు, లోపలున్న జనం.

లోపలికెళ్ళి తలలు లెక్కపెట్టొచ్చుగా అంటారేమో. ఆ ఉద్రిక్తతలో బయటివాళ్ళు అడుగుపెట్టే పరిస్థితే లేదు. అందుకని స్టాటిస్టిక్స్ నిపుణుల్ని అడిగారు. వాళ్ళ చేతికి దొరికినవి ఏంటి? ఆ బిల్లులే. అంటే, ఏ కాగితాల మీద అనుమానమో అవే!

అక్కడే జె.ఎం. సేన్‌గుప్తా అనే ఆయన చెప్పిన ఉపాయం పనికొచ్చింది. ఆయన కలకత్తాలో మహలనోబిస్ 1931లో పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌తో చాలాకాలం కలిసి పనిచేసిన మనిషి. ఒక మనిషి రోజుకి సగటున ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు తింటాడో అంతకుముందు చేసిన సర్వేల వల్ల తెలుసు. బిల్లులో ఉన్న మొత్తాన్ని ఆ వాటాతో భాగిస్తే మూడు సార్లు మనుషుల సంఖ్య వస్తుంది. బిల్లు నిజాయితీగా ఉంటే మూడూ దాదాపు ఒకటే రావాలి.

రాలేదు. అసలు అంకెలు నేను చెప్పట్లేదు, మాటవరసకి ఇలా అనుకుందాం. మనిషికి అరకిలో బియ్యం, 10 గ్రాముల ఉప్పు. బిల్లులో 5,000 కిలోల బియ్యం, 60 కిలోల ఉప్పు. బియ్యం లెక్కన 10,000 మంది, ఉప్పు లెక్కన 6,000 మంది. ఒకే కోట, ఒకే రోజు, నాలుగు వేల తేడా! నిజంగా జరిగింది కూడా ఇలాంటిదే. బియ్యం లెక్క అన్నిటికన్నా ఎక్కువ వచ్చింది, ఉప్పు లెక్క అన్నిటికన్నా తక్కువ.

మరి ఏది నమ్మాలి? మధ్యలో సగటు తీసేద్దాం అనిపిస్తుంది, నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ సగటు తీస్తే దొంగ అంకె కూడా అందులో కలిసిపోతుంది. వాళ్ళు ఉప్పునే నమ్మారు. బియ్యం ఖరీదైనది, ఎక్కువ రాస్తే డబ్బులు మిగులుతాయి. ఉప్పు అప్పట్లో మరీ చవక, ఎక్కువ రాసినా ఒరిగేదేమీ లేదు. కాబట్టి అబద్ధం చెప్పాల్సిన అవసరం లేని అంకె అదొక్కటే.

అయినా గుడ్డిగా నమ్మలేదు. హుమాయూన్ సమాధి దగ్గర ఇంకో చిన్న శిబిరం ఉండేది. ఈ పద్ధతిని అక్కడ పెట్టి చూస్తే లెక్క దగ్గరగానే సరిపోయింది.

ఈ కథ మనదాకా వచ్చింది సి.ఆర్. రావు గారి వల్ల. 1920లో పుట్టిన తెలుగాయన, ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి 1941లో అదే కలకత్తా ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళారు. 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' అనే పుస్తకంలో ఇదంతా రాశారు.

ఒక్క మాట మిగిలింది. మనిషికి ఇంత ఉప్పు అన్న ఆ వాటా కూడా దేశంలో అందరినీ అడిగి తెచ్చింది కాదు, కొన్ని ఇళ్ళని అడిగి తెచ్చిందే. అంటే ఆ కోట లెక్క మొత్తం ఒక శాంపిల్ మీద నిలబడింది. 1950లో నేషనల్ శాంపిల్ సర్వే మొదలయ్యాక ఇలా ఇళ్ళని ఎంచుకుని అడగడం దేశమంతా పెద్ద ఎత్తున జరుగుతోంది. ఇప్పటికీ ఇంటి ఖర్చుల సర్వేకి వచ్చినవాళ్ళు అడిగే సరుకుల్లో ఉప్పు ఉంటుంది.