బూడిదరంగు బొమ్మలో కోనసీమ

2003లో వచ్చిన సిమ్‌సిటీ 4కి బూడిదరంగు బొమ్మ ఒకటి ఇస్తే, దాన్ని ఆడుకునే నేలగా మార్చేస్తుంది. నలుపైతే పల్లం, తెలుపైతే ఎత్తు. అంతే!

కొలతలు ఎక్కడివంటారా? 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ వ్యోమనౌక 11 రోజులు తిరిగి, రాడార్‌తో భూమి ఎత్తుపల్లాలు కొలిచింది. నాసాతో పాటు అమెరికా రక్షణశాఖ చేయించిన పని అది. వాటితో ఆటగాళ్ళు ఎవరి ఊరు వాళ్ళు దించుకున్నారు. ఈ కథలో నాకు నచ్చేది అదే.

కానీ మామూలు బొమ్మలో ఉండేవి 256 ఛాయలే, ఛాయకి సుమారు 3 మీటర్లు. తూర్పు కనుమలు చక్కగా లేస్తాయి, కోనసీమ మాత్రం పళ్ళెంలా చదునైపోతుంది. అక్కడ వరదొస్తే ఎవరి చేను మునగాలో తేల్చేది ఒక్క మీటరే కదా!

ఛాయలు పెంచే పనిముట్లు తర్వాత ఆటగాళ్ళే రాసుకున్నారు. అయినా తోపులున్నచోట రాడార్ కొబ్బరిచెట్లని కూడా నేలలో కలిపేసి కొలిచింది. మన ఊరిని ఆటలో చూసి మురిసేముందు ఆ సంగతి గుర్తుండాలి.