డయల్ మాట, ఇనుము మాట

ఇంగ్లండు వచ్చిన కొత్తలో ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మీద పని దొరికింది. రెండో రోజే ఒక షాఫ్టు పాడుచేశాను. వ్యాసం ఇంకా 20 థౌలు తగ్గాలి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. క్రాస్ స్లైడు డయల్‌ని 20 గీతలు తిప్పి కోత పెట్టాను. మైక్రోమీటరుతో చూస్తే 40 పోయింది!

విజయవాడలో నేను పని నేర్చుకున్న లేత్ డయల్, వ్యాసం ఎంత తగ్గుతుందో చూపించేది. ఇక్కడిది టూలు ఎంత ముందుకు జరిగిందో మాత్రమే చూపిస్తుంది. గిర్రున తిరిగే కడ్డీకి 20 లోతున కోస్తే రెండు వైపులా పోతుంది కదా. పక్క మెషీను మీద పనిచేసే పెద్దాయన తిట్టలేదు. "డయల్ చెప్పేది స్క్రూ సంగతి, ఇనుము సంగతి కాదు" అని మాత్రం అన్నాడు.

ఆ మాట పట్టుకుని చదువుతూ పోతే హెన్రీ మాడ్‌స్లే దగ్గర తేలాను. 1771లో వూలిచ్‌లో పుట్టినవాడు. తాళాలకు పేరుపడ్డ జోసెఫ్ బ్రామా దగ్గర పనిచేశాడు. వారానికి 30 షిల్లింగుల జీతం పెంచమంటే ఆయన కాదన్నాడు. దాంతో 1797 ప్రాంతంలో లండన్‌లో సొంత షాపు పెట్టుకున్నాడు. 1800 నాటి ఆయన స్క్రూ కోసే లేత్ ఇప్పటికీ లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది. అలాంటి యంత్రాలు అంతకుముందు లేకపోలేదు. కానీ అప్పట్లో చాలా షాపుల్లో ఒక బోల్టుకు చేసిన నట్టు ఇంకో బోల్టుకు పట్టేది కాదు. ఒకే కొలత మరలు మళ్ళీ మళ్ళీ కోయడాన్ని రోజువారీ పనిగా మార్చినవాళ్ళలో ఆయన ముఖ్యుడు.

మన డయల్ బతుకంతా ఆ స్క్రూ మీదే. అంగుళానికి 10 మరలుంటే, ఒక చుట్టుకు స్లైడు 100 థౌలు జరుగుతుంది. డయల్ మీద 100 గీతలు గీస్తే ఒక్కో గీత ఒక థౌ. గీతలు ఎంత సన్నగా ఉన్నా, స్క్రూ అరిగితే డయల్ అబద్ధమాడుతుంది. స్క్రూకీ నట్టుకీ మధ్య ప్లే ఉంటే, వెనక్కి తిప్పినప్పుడు డయల్ తిరుగుతుంది గానీ స్లైడు కదలదు. అందుకే బాగా వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకు తిప్పుతూ గీత దగ్గరికి రావాలి.

అంత స్క్రూ చేసిన మాడ్‌స్లే కూడా దాని మాటే చివరి మాట అనుకోలేదు. కొలవడానికి విడిగా ఒక యంత్రం చేసుకున్నాడు. దాని స్క్రూకి అంగుళానికి 100 మరలు, చక్రం మీద 100 గీతలు. అంటే ఒక గీత అంగుళంలో పదివేలో వంతు. దానికి 'లార్డ్ ఛాన్సలర్' అని పేరు. ఆ రోజుల్లో ఆ పదవిలో ఉన్నవాడు న్యాయవ్యవస్థకు పెద్ద. షాపులో కొలత గురించి తగువొస్తే ఆ యంత్రం చెప్పిందే తీర్పు. ఆయన దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలకు దేశమంతటికీ ఒకే కొలత ఉండాలని ప్రతిపాదించాడు.

మొన్న మా షాపులో కొత్తగా చేరిన కుర్రాణ్ణి "ఎంత తీశావు?" అని అడిగాను. "డయల్ 20 చూపిస్తోంది" అన్నాడు. ఏమీ అనకుండా మైక్రోమీటరు చేతికిచ్చాను. వాడి షాఫ్టు ఇంకా పాడవలేదు.