బల్ల ఎత్తు: ఎక్కడి నుండి ఎక్కడి వరకు?

ఉస్మాన్‌గంజ్‌లో కొలతను గురించి తగవు లేని రోజు ఉండదు. పప్పుల బస్తా కాంటా మీద నిలవగానే తరుగు ఎంత, సంచి బరువు ఎవరి లెక్కలోకి వస్తుంది అన్న వాదం మొదలవుతుంది. అటువంటి గంజ్‌లో కొన్నేళ్ళ క్రితం నేను టేపు పట్టుకొని తీర్చవలసి వచ్చిన తగవు మాత్రం ధాన్యానిది కాదు, ఒక పూల్ బల్లది.

నాకు చిరపరిచితుడైన ఒక టోకు వ్యాపారి, దుకాణం పై అంతస్తులో ఖాళీ అయిన గోదాములో తన కుమారుల కోసం ఎనిమిది అడుగుల పాత పూల్ బల్ల వేయించారు. పిల్లలు రాత్రివేళ పార్లర్ల వెంట తిరగకుండా కళ్ళెదుట ఉంటారని ఆయన ఆశ. రెండు నెలలు తిరగకుండానే పదిహేనేళ్ళ పెద్దవాడికి మెడనొప్పి, కుడి భుజం నొప్పి పట్టుకున్నాయి. పదేళ్ళ చిన్నవాడు స్టూలెక్కి ఆడుతూ జారిపడ్డాడు. "డాక్టరు గారూ, దోషం ఆటలో ఉన్నదా, బల్లలో ఉన్నదా?" అని ఆయన అడిగారు. నేల నుండి అంచు పైభాగం వరకు కొలిచాను. 34 అంగుళాలు. అమ్మినవాడు "నియమం ప్రకారమే ఉన్నది" అన్నాడట. అతడు అబద్ధమాడలేదు. అయితే ఆ నియమం మరొక ఆటది.

ఈ బల్ల మొదట బల్ల కాదు, పచ్చిక. ఐరోపాలో గడ్డినేల మీద కర్రలతో బంతులను నెట్టుతూ ఆడిన ఆట 15వ శతాబ్దంలో ఇంటి లోపలికి వచ్చింది. ఫ్రాన్సు రాజు 11వ లూయీ అటువంటి బల్లను చేయించుకున్నవారిలో మొదటివాడని చెబుతారు. బల్ల మీద పరచే ఆకుపచ్చ గుడ్డ ఆ పచ్చిక జ్ఞాపకమే. చాలాకాలం ఆటగాడి చేతిలో ఉన్నది నేటి క్యూ కర్ర కాదు. కొసన వెడల్పాటి తల ఉన్న 'మేస్' అనే కర్రతో బంతిని నెట్టేవారు. దానితో ఆడటానికి పెద్దగా వంగవలసిన అవసరం లేదు. బంతి అంచుకు ఆనుకొని ఉన్నప్పుడు ఆ వెడల్పు తల అడ్డు వచ్చేది. అందుకని కర్రను తిప్పి సన్నని తోకతో కొట్టడం మొదలుపెట్టారు. ఫ్రెంచి భాషలో 'క్యూ' అంటే తోక. 19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఫ్రాంస్వా మింగో అనే ఫ్రెంచి సైనికాధికారి ఆ కొసకు తోలు బిళ్ళ అతికించి, బంతికి కోరినట్లు గిరగిర తిరిగే గుణం కలిగించాడు. ఈ పద్ధతిని ఆయన చెరసాలలో ఉండగా సాధించాడని ప్రసిద్ధి.

వైద్యుని దృష్టిలో ఈ ఆట చరిత్రకు అదే మలుపు. తోలు కొసతో బంతిని వెంట్రుకవాసి గురిలో తాకాలంటే కన్ను కర్ర వరుసకు దిగిరావాలి. నిలబడి ఆడే ఆట వంగి ఆడే ఆట అయింది. బల్ల ఎత్తు నడుముకు, మెడకు సంబంధించిన ప్రశ్న అయింది. 1820లలో లండన్‌లోని థర్‌స్టన్ సంస్థ చెక్క పలకకు బదులు స్లేటు రాతిని వాడటంతో బల్ల బరువు విపరీతంగా పెరిగి, అది ఒకచోట స్థిరపడింది. ఇక మనిషే దానికి తగినట్లు ఒదగాలి.

అటువంటి బరువైన బల్లలు ఓడలెక్కి మన దేశానికీ వచ్చాయి. 1875లో జబల్‌పూర్ సైనిక శిబిరంలో నెవిల్ చాంబర్లేన్ అనే యువ అధికారి స్నూకర్‌ను రూపొందించాడు. (తరువాతి కాలపు ఇంగ్లండు ప్రధాని వేరు, ఈయన వేరు.) ఆ ఆట నియమాలు ఊటీ క్లబ్బులో కుదురుకున్నాయి. 1884లో వికారుల్ ఉమ్రా శంకుస్థాపన చేసిన ఫలక్‌నుమా సౌధంలో, ఇంగ్లండుకు చెందిన బరోస్ అండ్ వాట్స్ సంస్థ చేసిన బిలియర్డ్స్ బల్ల నేటికీ ఉన్నది. దాని జోడు బకింగ్‌హామ్ సౌధంలో ఉన్నదని చెబుతారు. నవాబుల మేడలోని ఆ ఆట ఈనాడు పాతబస్తీ సందులలోని పార్లర్లకు దిగివచ్చింది. అక్కడ పక్కపక్కనే స్నూకర్ బల్ల, పూల్ బల్ల ఉంటాయి. రెండింటి ఎత్తూ ఒకటేనని అనుకోవడం సహజం.

కానీ రెండూ ఒకటి కావు. స్నూకర్, బిలియర్డ్స్ బల్లలకు నేల నుండి కుషన్ అంచు పైభాగం వరకు 33.5 నుండి 34.5 అంగుళాలు, అంటే 85.1 నుండి 87.6 సెంటీమీటర్లు ఉండాలి. పూల్ బల్లకు నేల నుండి బంతులు దొర్లే పలక వరకు 29.25 నుండి 31 అంగుళాలు, అంటే 74.3 నుండి 78.7 సెంటీమీటర్లు. ఒక ఆట అంచు వరకు కొలుస్తుంది, మరొకటి పలక వరకు. పూల్ బల్ల అంచు పలక కన్నా సుమారు అంగుళంన్నర ఎత్తున ఉంటుంది. మా మిత్రుని బల్లలో అంచు 34 అంగుళాలుంటే పలక 32.5 దగ్గర ఉన్నది. పూల్‌కు అనుమతించిన గరిష్ఠ ఎత్తు కన్నా అది అంగుళంన్నర ఎక్కువ.

అంగుళంన్నరకు ఇంత చర్చ అవసరమా అని పాఠకులకు అనిపించవచ్చు. క్యూ పట్టిన చేతిలో మోచేతి నుండి క్రిందిభాగం గడియారపు లోలకం వలె నిలువుగా వ్రేలాడి ఊగాలి. బల్ల ఎక్కువ ఎత్తైతే పొట్టివాడి మోచేయి పైకి లేస్తుంది, భుజం బిగుసుకుంటుంది. గడ్డం కర్రకు ఆనించి దూరపు బంతిని చూడటానికి మెడ వెనుకకు విరుచుకోవలసి వస్తుంది. పొడగరికి బల్ల మరీ తక్కువైతే భారమంతా నడుము మీద పడుతుంది. స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960లలో వెన్నుపూసల నడుమనున్న డిస్కులలోకి సూదిని పంపి అక్కడి ఒత్తిడిని కొలిచాడు. నిటారుగా నిలబడినప్పటి ఒత్తిడి 100 అనుకుంటే, ముందుకు వంగినప్పుడు అది సుమారు 150 అయింది. పూల్ ఆటగాడి ముందుచేయి బల్ల మీద ఆని కొంత భారం మోస్తుంది గనుక ఈ అంకెను అతనికి యథాతథంగా అన్వయించడం నాకు సమ్మతం కాదు. అయినా గంటల తరబడి అదే భంగిమ అయితే కండరాలు ఊరుకోవు. పొడగరి కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాలు కొంచెం మడిచి, నడుము వద్ద కాక తుంటి వద్ద వంగితే చాలావరకు సర్దుకోగలడు. పొట్టివాడికి ఆ వెసులుబాటు లేదు. కొట్టే సమయంలో ఒక పాదమైనా నేలను తాకి ఉండాలన్నది రెండు ఆటలలోనూ నియమం. చిన్నవాడి స్టూలు ప్రమాదకరమే కాదు, నియమవిరుద్ధం కూడా.

బల్ల అంత ఎత్తు ఎందుకైందో క్రిందికి వంగి చూస్తే తెలిసింది. గోదాము నేల షాబాద్ బండలది. కడిగిన నీరు పోవడానికి ఒకవైపు వాలు ఉంచారు. ఆ వాలును సరిచేయబోయి, బిగించినవారు ఒకవైపు కాళ్ళ క్రింద మందపాటి చెక్కదిమ్మలు పెట్టారు. తరువాత ఎందుకైనా మంచిదని రెండోవైపునా పెట్టి, అంచు 34కు చేరేదాకా లేపారు. మేము కొలుస్తున్నంతసేపూ దుకాణపు వృద్ధ గుమస్తా మెట్ల మీద నిలబడి చూస్తున్నాడు. నలభై ఏళ్ళుగా పరుపు మీద బాసింపట్టు వేసుకొని, జానెడెత్తు డెస్కు మీద ఖాతాలు వ్రాసిన మనిషి. "మా నడుములను ఎవరూ కొలవలేదు సార్" అన్నాడు నవ్వుతూ. ఆయన మాటకు నా వద్ద జవాబు లేదు. మరునాడు ఆయనను పరీక్షకు రమ్మన్నాను.

దిమ్మలు తీయించి, వాలు ఉన్నవైపు మాత్రం పలుచని ఇనుప రేకులు పెట్టించి, రసమట్టంతో సరిచూశాము. పలక ఎత్తు 30 అంగుళాలకు వచ్చింది. పెద్దవాడికి ఒక పూట ఆట ముప్పావుగంట మించకూడదని చెప్పి, భుజానికి వ్యాయామాలు నేర్పాను. నెలన్నరకు నొప్పి తగ్గింది. చిన్నవాడికి స్టూలు నిషేధించి, దూరపు బంతికి రెస్టు కర్ర వాడమన్నాను. రెస్టు పట్టడం అవమానమని వాడు అలిగి, క్యారమ్ బోర్డును నేల మీద వేసుకొని, గుమస్తా గారిని ఆటకు పిలిచాడు.