దీర్ఘపదముల విఱుపు – ఇటలీ మాటయు, మన జగ్గయ్యపేట శాసనమును



తెలుగు పలుకులు అచ్చుతో ముగియుటచే పాశ్చాత్యులు మన భాషను ‘ప్రాచ్యదేశపు ఇటాలియన్’ అనిరి. ఈ సామ్యము పదాంతముతో తీరిపోలేదు; దీర్ఘపదమును విఱిచి పలుకుటయందును గలదు.

ఇటాలియన్ భాషలో ‘ప్రెచిపితెవొలిస్సిమెవొల్మెంతె’ యను మాట యున్నది. మిక్కిలి తొందరగా నని యర్థము. దానియందు వర్ణములు 26, అక్షరములు 11. ఆ దేశమున పదునొకండక్షరముల పద్యపాదము ప్రసిద్ధము గనుక, పాదమున కీయొక్క మాటయే చాలును. వారు దీని నిట్లు విఱుతురు: ప్రె-చి-పి-తె-వొ-లిస్-సి-మె-వొల్-మెన్-తె. ద్విత్వమున మొదటి హల్లు పూర్వాక్షరమునకును, రెండవది పరాక్షరమునకును జేరును. ‘పాల’ యనిన వారికి పార. ‘పల్ల’ యనిన బంతి. మనకు ‘కల’ వేఱు, ‘కల్ల’ వేఱు. ద్విత్వమునకు ముందున్న యక్షరము గురువని మన లాక్షణికులు చెప్పుటకును ఈ విఱుపే కారణము.

దీని నెఱుంగనిచో గలుగు నష్టమును మన మెట్టసీమయే చూపును. 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో జేరిన జగ్గయ్యపేట చెంత ధనబోడు అను తిప్ప గలదు. అందలి బౌద్ధస్తూపమును బర్జెస్ దొర 1882లో పరిశీలించి, 1887లో గ్రంథరూపమున ప్రకటించెను. అచటి స్తంభశాసనములు క్రీస్తుశకము 3వ శతాబ్దపు ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 20వ యేటివి. భాష ప్రాకృతము, లిపి బ్రాహ్మి.

ఆ వ్రాతగాండ్రు నోట బలికెడు ద్విత్వమును రాతిపై వ్రాయరైరి. రాజు పేరు ‘వీరపురిసదత’ యని యుండును, పలుకవలసినది ‘వీ-ర-పు-రి-స-దత్-త’. తూర్పు ద్వారమున ఐదు ఆయకస్తంభములను నిలిపిన శిల్పి పేరు ‘సిధథ’ యని యున్నది. సిద్-ధత్-థ యని విఱిచి చదివిననే అతడు సిద్ధార్థుడని తెలియును. లేనిచో సుమారు 1700 ఏండ్లు రాయి కాపాడిన పేరు మన నోటబడి చెడిపోవును.

నందిగామ ప్రాంతపు బడులలో నేను చదువు చెప్పిన కాలమున పిల్లలు దీర్ఘసమాసమును సగము మ్రింగి సగము పలుకుచుండిరి. గురులఘువులను వ్రేళ్లపై నెంచుచు చదివించిన కొలది దినములకే వారి నాలుక తిరిగెడిది. భారతమైనను భాగవతమైనను ఇంట చదువునప్పుడు మనుమలను దాపున గూర్చుండబెట్టుకొని, అక్షరమక్షరము విఱిచి పలికింపుడు. అట్లు చెవి యలవడిన పిల్లవాడు రేపు ధనబోడు నెక్కినప్పుడు సిద్ధార్థుని పేరును సరిగా పలుకగలడు.